ఎడ్మండ్ చుట్టూ నేను చెరిపిన మబ్బు

ఆరేళ్లుగా ఒక మనిషిని మోస్తున్నాను. బరువెంత అని అడిగితే చెప్పలేను, ఎందుకంటే ఆ మనిషి లేడు. ఎప్పుడూ లేడు. పేరు ఎడ్మండ్. ఇంగ్లండులో ఒక పల్లెలో నీటి మిల్లుల చక్రాలు బాగుచేసేవాడు. భార్య పేరు జోన్. ఎడమ మోకాలు సరిగా ఉండేది కాదు, వానలు పడితే కుంటేవాడు. ఇవన్నీ నాకెలా తెలుసు? అన్నీ నేనే పెట్టాను కాబట్టి.

మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. మొహం గంభీరంగా పెట్టుకుని చెప్పాలని రెండుసార్లు మొదలుపెట్టాను. కుదరలేదు. ఇందులో నవ్వొచ్చే చోట్లు ఎక్కువ. నవ్వండి, నేనూ నవ్వుతాను. కానీ తప్పు తప్పే. ఆ ఒక్క ముక్క చివరిదాకా గుర్తుంచుకోండి.

ముందు నా పని చెప్పాలి. తప్పు అందులోంచే వచ్చింది. ఫ్యాక్టరీల దీవి జురాంగ్ ఐలాండ్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీలో నేను డ్రాయింగులు సరిచూస్తాను. ఏ పైపు ఎక్కణ్ణుంచి ఎక్కడికి వెళ్తుందని కాగితం మీద ఉందో, ప్లాంటులో నిజంగా అలాగే ఉందా అని చూడాలి. ఒక్కోసారి పైపు గోడలోకి దూరి, అవతల ఎక్కడ తేలిందో తెలియదు. అప్పుడు ఆ చోటు చుట్టూ మబ్బు గీస్తాం. చిన్నపిల్లలు గీసే మబ్బే, అంచులు గుండ్రగుండ్రంగా. పక్కన "హోల్డ్" అని రాస్తాం. ఇది మాకు తెలియదు, తెలిసేదాకా దీన్ని నమ్మి ఎవరూ ఏ వాల్వూ తిప్పొద్దు అని దాని అర్థం. ఎవరో ఒకరు వెళ్లి, కళ్లారా చూసి వచ్చి, సంతకం పెడితేనే మబ్బు తీయాలి. కుర్చీలో కూర్చుని మబ్బు తీసినవాణ్ణి మా దగ్గర ఎవరూ మన్నించరు. అలా తీసిన ఇద్దర్ని పట్టుకున్నది నేనే. ఒకణ్ణి అందరి ముందూ నిలబెట్టి పావుగంట క్లాసు పీకాను. అతను ఇప్పటికీ నన్ను చూస్తే లిఫ్టు వదిలి మెట్లెక్కుతాడు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో టోవా పాయోలో ఒక ఫ్లాట్‌లో గది తీసుకున్నాను. ఇప్పటికీ అక్కడే ఉంటున్నాను. ఇంటాయన అప్పలసామి అంకుల్. ఆయన పుట్టింది మలేషియాలో, రబ్బరు ఎస్టేటులో. పెద్దలు ఎప్పుడో విశాఖ వైపు నుంచి ఓడెక్కి వచ్చారు. ఈయన కుర్రతనంలో పనికోసం పక్కనే ఉన్న ఈ ద్వీప దేశంలో దిగి, బస్సుల వర్క్‌షాపులో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. నేను కాకినాడవాణ్ణి. ఆయన తెలుగు మొదటి నెల నాకు సగమే అర్థమైంది. మాట మన ఉత్తరాంధ్రది, మధ్యలో తమిళం, మలయ్, చివర "లా". ఆంటీ అప్పటికే పోయారు. మనవరాలు కీర్తన శనివారాలు వస్తుంది, తాత తెలుగులో అడిగినవాటికి ఇంగ్లీషులో జవాబులు చెప్పి, ఫ్రిజ్ ఖాళీ చేసి పోతుంది.

అంకుల్ కళ్లు లేత ఆకుపచ్చ. ఒక శనివారం కాఫీ తాగుతూ ఆయనే చెప్పారు. ఆయన అమ్మమ్మ ఎస్టేటులో రబ్బరు పాలు తీసే మనిషి. అక్కడ మేనేజరు హాల్‌కూమ్ దొర. అంతకు మించి ఇంట్లో ఎవరూ నోరు విప్పలేదు. విప్పాల్సిన అవసరమూ రాలేదు, అమ్మ కళ్లూ ఈయన కళ్లూ చెబుతూనే ఉండేవి. దొర తర్వాత ఓడెక్కి వెళ్లిపోయాడు. బళ్లో పిల్లలు ఈయన్ని పేరు పెట్టి పిలిచింది తక్కువ. "పిల్లికన్నోడా" అనేవారు. కోపం వస్తే "దొరోరి సరుకు" అనేవారు.

"నాకేటీ వొద్దు బాబూ," అన్నారు. "ఆడెవుడో, ఆడి అబ్బెవుడో, ఏ ఊరో. అది తెలిస్తే సాలు."

ఇదే ఆయన అడిగింది. ఇంతే. నిజం ఒక్కటే అడిగారు. మీరు ఈ వాక్యం దగ్గర కాసేపు ఆగితే బాగుంటుంది, నేను ఆ రోజు ఆగలేదు.

కీర్తన ఒక డీఎన్ఏ పరీక్ష కిట్టు తెప్పించింది. అంకుల్ గొట్టంలో ఉమ్మారు. "ఇంతకాలం ఆళ్లు నామీద ఉమ్మేరు, ఇప్పుడు నేనుమ్మితే పరీచ్చంట" అని ఒకటే నవ్వు. రెండు నెలల్లో ఇంగ్లండులో ఒక రిటైర్డ్ టీచరమ్మతో చుట్టరికం కలిసింది. ఆవిడ ఇంటిపేరు హాల్‌కూమ్. దొర ఆవిడ తాతకి తమ్ముడు. మర్యాదస్తురాలు, ఇంట్లో ఉన్న పాత కాగితాలన్నీ ఫొటోలు తీసి పంపింది.

నాకు పూనకం వచ్చింది. పైపులు గీసే సాఫ్ట్‌వేర్‌లోనే వంశవృక్షం గీశాను. ప్రతి మనిషికీ ఒక పెట్టె, ఒక నంబరు, కింద ఆధారం ఎక్కడిదో. కుడివైపు అడుగున మా డ్రాయింగుల్లో ఉన్నట్టే రివిజన్ పట్టిక: ఏం మారింది, ఎందుకు మారింది, మార్చిందెవరు. దొర నుంచి వెనక్కి, చర్చి రిజిస్టర్లలో ఒక్కొక్కరే దొరికారు. రైతులు, ఒక చెప్పులు కుట్టేవాడు, మళ్లీ రైతులు. చిట్టచివర, ఆ ఊరి రిజిస్టరు మొదటి పేజీలో, రిచర్డ్ హాల్‌కూమ్, మిల్లు నడిపేవాడు. అక్కడితో రిజిస్టరు అయిపోయింది.

కథ అయిపోలేదు. ఆ జిల్లా చరిత్ర మీద ఎవరో పాతకాలపు పెద్దమనిషి రాసిన పుస్తకం దొరికింది. అందులో అదే ఊరి పేరు మీద ఒక బేరన్ ఉన్నాడు. రోజర్ డి హాల్‌కూమ్. బేరన్ అంటే మన లెక్కలో ఒక చిన్న జమీందారూ, సగం సైన్యాధికారీ. రాజు కోసం యుద్ధానికి వెళ్లి మొదటి రోజే పట్టుబడితే వాళ్లమ్మ ఇరవై గుర్రాలు పంపి విడిపించుకుంది. చేపల చెరువు ఎవరిదని మఠాధిపతితో పదకొండేళ్లు తగాదా పడ్డాడు. మఠాధిపతి ఇతన్ని మతం నుంచి వెలివేశాడు. ఇతను బదులుగా మఠం గేటు ఊడబెరికి ఇంటికి తెచ్చుకున్నాడు. ముగ్గురు భార్యలు. మూడో ఆవిడ ఇతను పోయిన నాలుగు నెలలకే ఇంకొకర్ని చేసుకుంది. చర్చిలో రాతి బొమ్మ ఇప్పటికీ ఉంది, కాళ్ల దగ్గర కుక్కతో సహా. ముక్కు మాత్రం ఎవరో విరగ్గొట్టారు.

"సేపల సెరువు కోసం పదకొండేళ్లా!" అంకుల్ తొడ చరిచారు. "మాయమ్మ పోలికే. కోడిపెట్ట కోసం పక్కింటోళ్లతో తొమ్మిదేళ్లు మాటాడ్లేదు."

బేరన్ పెద్దకొడుకు వంశం ఆడపిల్లలతో ఆగింది. చిన్నకొడుకు వైపు తరాలు దిగుతూ దిగుతూ జాన్ అనే అతని దాకా పుస్తకం చెబుతుంది. తర్వాత మూడే మాటలు: జాన్‌కు సంతానం కలదు. చుక్క. పేజీ అయిపోయింది.

పైన జాన్. కింద మిల్లు రిచర్డ్. ఊరు అదే, ఇంటిపేరు అదే. మధ్యలో సరిగ్గా ఒక్క మనిషి పట్టేంత ఖాళీ. అక్కడొక పెట్టె గీసి, లోపల ఏమీ రాయకుండా, చుట్టూ మబ్బు గీశాను. హోల్డ్. అంకుల్‌కి మబ్బు అంటే ఏమిటో కూడా వివరించాను. ఆయనకి ఆ పద్ధతి చాలా నచ్చింది. "తెలీదని బొమ్మేసి సెప్పడం! ఇది బాగుంది లా!"

ఐదు నెలలు ఆ మబ్బు కదల్లేదు. వీలునామాలు వెతికాను. పాత కోర్టు కాగితాల జాబితాలు చదివాను. అక్కడి దస్తావేజుల ఆఫీసుకి రాస్తే, ఆ ఊరివి ఆ కాలానివి తడికి పాడైపోయాయని మర్యాదగా బదులిచ్చారు. ప్రతి శనివారం అంకుల్ కాఫీ కప్పు నా ముందు పెట్టి, వాతావరణం అడిగినట్టు అడిగేవారు: "మబ్బు ఇడిందా బాబూ?"

ఇంతలో ఆయన డెబ్బై ఐదో పుట్టినరోజు వచ్చింది. ఎస్టేటు నాటి స్నేహితులు బస్సెక్కి వస్తామన్నారు. అంటే, పిల్లికన్నోడా అన్నవాళ్లు. హాల్లో గోడ మీద చార్టు పెట్టాలని అంకుల్ ఆశ. ఆయన నన్ను ఒత్తిడి చేయలేదు. చేశారని రాస్తే నాకు సుఖంగా ఉండేది, కానీ చేయలేదు.

ఆ శుక్రవారం, ఆఫీసులో, భోజనం గంటలో, డబ్బా విప్పకుండానే, ఎడ్మండ్‌ని తయారుచేశాను. నలభై నిమిషాలు పట్టింది. పుట్టిన కాలం తండ్రికీ కొడుక్కీ మధ్య సరిపోయేలా లెక్క కట్టాను. జోన్ అని పెళ్లాన్ని ఇచ్చాను. కొడుకు మిల్లు నడిపాడు కాబట్టి తండ్రికి మిల్లు చక్రాల పని ఇచ్చాను. ఆధారం దగ్గర "ఊరి కోర్టు కాగితం" అని రాశాను. మబ్బు చెరిపాను. రివిజన్ 4, హోల్డ్ తొలగించబడింది, సరిచూసినది, నా పొడి అక్షరాలు. ఒక్కసారి కూడా ఆగలేదు. అదే నన్ను ఇప్పుడు భయపెడుతుంది. నా చేతికి అది ఇంకో శుక్రవారం, ఇంకో డ్రాయింగు.

ఎందుకు చేశాను? అంకుల్ సంతోషం కోసం, అని చాలాకాలం అనుకున్నాను. నిజాయితీగా చూస్తే అది నలభై శాతం. మిగతా అరవై, ఖాళీ పెట్టె చూస్తే నాకు ఒళ్లు జిల పుట్టడం. నిండని పెట్టె నాకు పంటిలో ఇరుక్కున్న పీచు. ఆయన్ని అడ్డం పెట్టుకుని నా దురద గోక్కున్నాను. ఈ శాతాలు ఎక్కణ్ణుంచి వచ్చాయంటారా? ఇవీ నేనే పెట్టాను. చూశారా, అలవాటు పోలేదు.

మర్నాడు పొద్దున ప్రింటు తెచ్చి భోజనాల బల్ల మీద పరిచాను. ఆ మాటలు నేను ఒక్కటీ మరిచిపోలేదు.

"ఏటి, మబ్బేది?"

"పోయింది అంకుల్."

"పోయిందా! ఎవుడొచ్చేడు?"

"ఎడ్మండ్. జాన్ కొడుకు, రిచర్డ్ తండ్రి. మిల్లు చక్రాలు బాగుచేసేవాడు."

అంకుల్ కళ్లజోడు తీసేశారు. "మెకానిక్కా?"

ఈ ప్రశ్న నేను అనుకోలేదు. "మెకానిక్కే."

"అలమాక్!" మలయ్‌లో అయ్యబాబోయ్ అన్నమాట. "కీర్తనా, ఇన్నావా? బేరన్ ఇంట్లో మెకానిక్కంటే!"

"హియర్డ్ లా, తాతా," కీర్తన ఫ్రిజ్ లోపల్నుంచి. "బట్ వేర్ గాట్ ప్రూఫ్?"

"పురూఫంట! ఈ బాబు సంతకం ఎడితేగానీ అక్కడ పైపులో నీళ్లెల్లవే. ఖాయమే గదా బాబూ?"

"ఖాయం."

రెండో తప్పు వెంటనే జరిగింది. ఆయన ఎడమ మోకాలు రుద్దుకుంటూ, బస్సుల కింద పడుకుని పడుకుని పోయిన మోకాలు అది, "పాపం చక్రాల పని. నీళ్లలో నిలబడాల. మోకాళ్లు పోనుంటాయి" అన్నారు. "పోయాయట, ఎడమది, కాగితంలో ఉంది" అన్నాను. ఎవరూ అడగలేదు. ఎందుకన్నాను?

పుట్టినరోజు బ్రహ్మాండంగా జరిగింది. ఎస్టేటు స్నేహితులు చార్టు ముందు నిలబడి పై నుంచి కిందకి వేలు పెట్టి చదివారు. వాళ్లలో ఒక ముసలాయన "ఒరే పిల్లికన్నోడా, బేరనైపోనావురా!" అన్నాడు. అదే మాట, అరవై ఏళ్ల తర్వాత, ఈసారి దండ వేసినట్టు. అందరికంటే పెద్దగా నవ్వింది అంకులే. నేను బిర్యానీ రెండుసార్లు వేసుకున్నాను. అప్పటికి నాకేమీ బరువనిపించలేదు.

బరువు మహాలయ అమావాస్య నాడు మొదలైంది. అంకుల్ ప్రతి ఏడూ గుడిలో పెద్దలకి తర్పణం వదులుతారు. ఆ ఏడు నన్ను తోడు రమ్మన్నారు. పంతులుగారు మాతామహుడి పేరు అడిగితే, ఎప్పుడూ "తెలీదు" అనే మనిషి, జేబులోంచి నేను చేసిచ్చిన జాబితా తీశారు. దొరతో మొదలుపెట్టి బేరన్ దాకా అందరికీ నీళ్లు వదలాలన్నారు. మూడు తరాలు చాలన్నారు పంతులుగారు. "ఆళ్లకి ఐదొందలేళ్లుగా ఎవుడూ పొయ్యలేదు, దాహంతో ఉంటారు" అన్నారు అంకుల్.

"గోత్రం?"

"తెలీదు. ఇంగిలీసోళ్లు."

పంతులుగారు రెప్ప వేయలేదు. "తెలియనివాళ్లకి కాశ్యప గోత్రం. ఈ రోజర్‌గారు ఏం చేసేవారు?"

"యుద్ధాలు."

"అయితే వర్మ." అలా నువ్వులూ నీళ్లూ కలిసి కాశ్యప గోత్రోద్భవుడు రోజర వర్మకి చేరాయి. నవ్వాపుకోలేక నేను స్తంభం వెనక్కి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి వంతు ఎడ్మండ్‌ది. మిగతావాళ్లకి ఒక్కొక్కసారి వదిలిన నీళ్లు అతనికి మూడుసార్లు వదిలారు అంకుల్. "కష్టపడ్డోడు" అన్నారు నాతో, మెల్లగా. నువ్వులు ఆయన వేళ్లకి అంటుకున్నాయి. ఆ నీళ్లు ఎక్కడికి వెళ్లాయి?

బయటికి వచ్చాక ఆయన ఒక మాట అన్నారు. "దొర మమ్మల్ని నా మనుషులే అని ఒప్పుకోలేదు. పోన్లే. నేను ఆణ్ణి ఒప్పుకున్నాను. ఇప్పుడాడికి నీళ్లొదిలేవోణ్ణి నేనే."

ఆ మాట విన్నాక కూడా నేను చెప్పలేదు. ఆరు మహాలయ అమావాస్యలు గడిచాయి. దొర ఉన్న మనుషుల్ని లేరన్నాడు. నేను లేని మనిషిని ఉన్నాడన్నాను. మా ఇద్దరి మధ్య తేడా ఎంత?

ఈలోగా ఎడ్మండ్ దేశాలు తిరిగాడు. కీర్తన మా చార్టుని వంశవృక్షాల వెబ్‌సైటులో పెట్టింది. ఎవరెవరో కాపీ చేసుకున్నారు. న్యూజీలాండ్‌లో ఒకాయన ఎడ్మండ్‌కి రెండో పెళ్లి చేశాడు. నేనిచ్చిన భార్య చాలలేదు కాబోలు. కెనడాలో ఒకావిడ కవల పిల్లల్ని కూడా ఇచ్చింది. పోయిన ఏడు ఆ వెబ్‌సైటు నాకే ఉత్తరం పంపింది: మీ ఎడ్మండ్ వివరాలు మరో పదకొండు చోట్ల ధ్రువపడ్డాయి, అభినందనలు. ఆఫీసు బస్సులో పకపకా నవ్వాను. పక్కనున్నాయన జరిగి కూర్చున్నాడు. ఆ తర్వాత, ఐలాండ్ గేటు దగ్గర పాసు చూపిస్తూ, ఆ పదకొండూ నేను రాసిన ఒక్క అబద్ధమేనని లెక్క కట్టాను.

ఇప్పుడు అంకుల్ ఇంగ్లండు వెళ్తున్నారు. కీర్తన తీసుకెళ్తోంది. టీచరమ్మ ఉత్సాహంగా రాసింది: చర్చిలో బేరన్ బొమ్మ దగ్గర ఊరివాళ్లు కొందరు కలుస్తారు, స్థానిక చరిత్ర తెలిసిన ఒక పెద్దాయన కూడా వస్తాడు, చార్టు తప్పక తీసుకురండి. అంకుల్ రోజూ అద్దం ముందు ఇంగ్లీషులో నాలుగు ముక్కలు ప్రాక్టీసు చేస్తున్నారు. "దిస్ ఈజ్ ఎడ్మండ్. మెకానిక్. లైక్ మీ."

ఆ పెద్దాయన వేలు ఏ పెట్టె మీద ఆగుతుందో నాకు తెలుసు. సరిచూసేవాడి వేలు ఎక్కడ ఆగుతుందో ఇంకో సరిచూసేవాడికి తెలుస్తుంది. ఇది ఏ కాగితంలో ఉందండీ అని మర్యాదగా అడుగుతాడు. మా బాబు సంతకం పెట్టాడు అంటారు అంకుల్. అప్పుడు చుట్టూ ఉన్నవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, మర్యాదగా చిరునవ్వు నవ్వుతారు. బళ్లో పిల్లల నవ్వు ఆయన దాటారు. ఈ నవ్వు మధ్యలోకి ఆయన్ని పంపేది నేను.

పోయిన శనివారం చెప్పాను. కాఫీ కప్పు ఆయన పెట్టకముందే.

"అంకుల్, ఎడ్మండ్ లేడు."

"ఎలగుంటాడు, ఐదొందలేళ్లు దాటింది గదా."

"అది కాదు. ఎప్పుడూ లేడు. కోర్టు కాగితం లేదు. నేనే రాశాను."

ఆయన కప్పు బల్ల మీద పెట్టారు. తర్వాత, ఒక్కొక్కటే, సామాను లెక్క చూసుకున్నట్టు అడిగారు.

"జోనూ?"

"నేనే."

"మోకాలు?"

"అదీ నేనే."

ఆయన తన మోకాలి మీద నుంచి చెయ్యి తీశారు. తర్వాత కొంచెం భయంగా, "సేపల సెరువు?" అన్నారు.

"చెరువు నిజం అంకుల్. బేరన్ నిజం. దొర నిజం, దొర నుంచి రిచర్డ్ దాకా అందరూ నిజం. బేరన్‌కీ మీకూ చుట్టరికం ఉందో లేదో తెలియదు. ఉండొచ్చు. తెలియదు."

పర్వాలేదు అని ఆయన అనలేదు. పోనీలే అనలేదు. ఎందుకు చేశావనీ అడగలేదు. అడిగితే చెప్పడానికి నలభై, అరవై అని శాతాలు సిద్ధంగా పెట్టుకున్నాను. లేచి వెళ్లి గోడ మీది చార్టు దించి, బల్ల మీద పరిచి, టెలిఫోన్ పక్కనున్న మార్కరు తెచ్చి నా ముందు పెట్టారు.

"గియ్యి."

గీశాను. ఎడ్మండ్ పెట్టె చుట్టూ గుండ్రగుండ్రంగా, తొమ్మిది వంపులు. మబ్బు మా ప్లాంటులో అయితే వెనక్కి పంపేంత వంకరగా వచ్చింది. ఆయన వంగి చూశారు. "ఈ అమాసకి ఆడికి నీళ్లొదలాలా వొద్దా?" అన్నారు. నన్ను అడిగారో తనని తానే ప్రశ్నించుకున్నారో తెలియలేదు. అప్పటినుంచి మా మధ్య మాటలు తగ్గాయి. కాఫీ మాత్రం వస్తోంది. నిన్న అద్దం ముందు ఆయన గొంతు వినిపించింది: "దిస్ వన్, వియ్ డోంట్ నో." రెండోసారి ఇంకొంచెం గట్టిగా అన్నారు.

నాకు మన్నింపు దొరకలేదు. దొరకాలని రాయడం లేదు. కానీ ఈ వారం బస్సులో హాయిగా నిద్రపోయాను, స్టాపు దాటిపోయేంత. మెట్లెక్కే ఆ కుర్రాణ్ణి లిఫ్టు దగ్గర ఆపి సారీ చెప్పాను. అతను ఎందుకో తెలియక కంగారుపడ్డాడు. న్యూజీలాండ్ ఆయనకీ రాశాను. ఎడ్మండ్ లేడని నమ్మనంటున్నాడు. రెండో పెళ్లికి తన దగ్గర ఆధారం ఉందట.

చెప్పాల్సింది ఇంకొక్కటి మిగిలింది, అది కూడా ఆ శనివారం చేసిందే. మబ్బు గీశాక, చార్టు అడుగున రివిజన్ పట్టికలో కొత్త వరస రాశాను. రివిజన్ 5. మార్పు: ఎడ్మండ్ మీద హోల్డ్ తిరిగి పెట్టబడింది. కారణం: సరిచూడకుండా తీసివేయబడింది. తీసినది ఎవరు అనే చోట ఎప్పుడూ పొడి అక్షరాలే రాస్తాం. నేను ఇంటిపేరుతో సహా, పూర్తిగా, తెలుగులో రాశాను. ఆ కాగితం ఇప్పుడు చుట్టచుట్టి అంకుల్ సూట్‌కేసులో ఉంది, వచ్చే వారం బేరన్ బొమ్మ ముందు విప్పుతారు. ఇక్కడ మీకు నా పేరు చెప్పలేదు. అక్కడ ఉంది.